పెరటి చెట్టు - ప్రాణం నిలిపే నీళ్లు
(సూర్యలంక మహిళల కోసం ఆరోగ్య ప్రసంగం)



"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని ఒక సామెత ఉంది. చేతికి అందే వస్తువుకు విలువ ఇవ్వరు అని దాని అర్థం.

కడుపు జబ్బు వచ్చినప్పుడు ఈ సామెత బాగా గుర్తుకొస్తుంది. కొందరు పెరటి చెట్టును బొత్తిగా తీసి పారేస్తారు. "ఆకులు, అలములతో ఏం తగ్గుతుంది?" అంటారు. ఇంకొందరు ఉన్నారు. "ఆసుపత్రి ఎందుకు? ఆకు పసరు చాలు" అంటారు.

ఈ ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. ఆకుకు ఒక పని ఉంది. ఆ పనికి ఒక హద్దు కూడా ఉంది. ఆ హద్దు తెలిసిన తల్లి బిడ్డను కాపాడుకుంటుంది. అదే ఈ రోజు ముచ్చట.

క్రిమి కడుపులోకి ఎలా వస్తుంది?

సూర్యలంక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరం. ఇసుక నేల. సరుగుడు తోటలు. కళ్ల ముందు ఎన్ని నీళ్లున్నా గొంతు తడుపుకోవడానికి పనికిరావు. తాగే నీళ్లు బిందెలతో తెచ్చుకుని దాచుకోవాలి. దాచిన నీళ్లలో చెయ్యి పడితే చాలు, జబ్బు మొదలవుతుంది.

తుఫాను వస్తే మరీ కష్టం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో వాన నీరు, మురుగు నీరు, దొడ్డి నీరు అన్నీ ఏకమవుతాయి. బోరు చుట్టూ నీళ్లు నిలుస్తాయి. పైపుకు చిన్న పగులు ఉన్నా మురుగు లోపలికి పోతుంది.

మలంలో కంటికి కనబడని క్రిములు ఉంటాయి. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు తెచ్చేవి ఈ క్రిములే. ఇవి నీళ్లతో వస్తాయి. కడగని చేతితో వస్తాయి. ఎండు చేపల మీద వాలిన ఈగ, దొడ్డి మీద వాలిన ఈగ వేరు కాదు. ఆ ఈగే వచ్చి అన్నం మీద కూడా వాలుతుంది.

ఇంకొక సంగతి. పసిపిల్లల విరేచనాలన్నీ ఒక రకం క్రిమి వల్ల రావు. రోటా వైరస్ అని ఇంకో రకం ఉంది. దాని మీద యాంటీబయాటిక్ మాత్రలు పనిచెయ్యవు. దానికి చుక్కల టీకా ఉంది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. ఆ చుక్కలు తప్పకుండా వేయించాలి.

ప్రాణం తీసేది ఏది?

బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్లు పొయ్యకు, ఇంకా ఎక్కువవుతాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట చాలా ప్రమాదం.

బానకు చిల్లు పడింది అనుకోండి. నీళ్లు కారిపోతున్నాయి. అప్పుడు ఏం చెయ్యాలి? ఒక చేత్తో చిల్లు మూయాలి. రెండో చేత్తో నీళ్లు పోస్తూనే ఉండాలి. చిల్లు మూసేదాకా ఊరుకుంటే బాన ఖాళీ అయిపోతుంది.

ఒళ్లు కూడా అంతే. విరేచనంతో నీళ్లు, ఉప్పు పోతాయి. బిడ్డ ఒళ్లు చిన్నది. అందులో నీళ్లు కొంచెమే. తొందరగా ఎండిపోతుంది. కళ్లు లోపలికి పోతాయి. నాలుక పిడచగడుతుంది. విరేచనాలతో పోయే ప్రాణాల్లో ఎక్కువ ఇలా ఒళ్లు ఎండిపోయి పోయేవే.

1971లో ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. అది బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్న కాలం. లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు చాల్లేదు. అక్కడ దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉన్నారు. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంట సోడా నీళ్లలో కలిపించారు. డ్రమ్ముల్లో పోయించారు. రోగుల అమ్మలు, అక్కలే కప్పులతో ముంచి తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్నారు. ఆ నీళ్లు తాగించాక నూటికి నలుగురు కూడా చనిపోలేదు.

ఆ నీళ్లే ఇప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్‌గా ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతున్నాయి.

ప్యాకెట్ లేదా? ఇంట్లోనే కలుపుకోవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు 1 లీటరు. పంచదార 6 చిన్న చెంచాలు. ఉప్పు అర చెంచా. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంగా పొయ్యకూడదు. ముందు మీరు రుచి చూడండి. కన్నీటి కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఒక రోజు దాటితే మిగిలింది పారబొయ్యండి.

రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత పావు గ్లాసు నుంచి అర గ్లాసు ఇవ్వాలి. అంతకన్నా పెద్ద పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు. గటగటా తాగిస్తే కక్కేస్తారు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. చనుబాలు మానకూడదు. ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ కూడా మంచివే.

మరి పెరట్లో ఏమున్నాయి?

"నీళ్లు సరే, చిల్లు మూసేది ఏది?" అని అడుగుతారు. ఇక్కడే పెరటి చెట్టు పని వస్తుంది.

మారేడు. శివుడి గుడి దగ్గర ఉండే చెట్టు. పచ్చి కాయ గుజ్జు ముక్కలు కోసి ఎండబెడతారు. కషాయం కాస్తారు. విరేచనాలకు ఇది పాత మందు. ముంబైలో పరిశోధకులు ఈ కషాయాన్ని పరీక్షించి 2009లో సంగతి చెప్పారు. అది క్రిములను పెద్దగా చంపలేదు. కానీ క్రిములు పేగు కణాలకు అంటుకోకుండా అడ్డుపడింది. కలరా విషాన్ని కూడా కొంత తగ్గించింది. ఇది పరీక్షశాలలో చూసిన మాట. ఒక జాగ్రత్త ఉంది. బాగా పండిన మారేడు పండు విరేచనం సాఫీ చేస్తుంది. అది ఈ జబ్బుకు పనికిరాదు. పచ్చి కాయకు, పండుకు తేడా తెలియాలి.

జామ ఆకు. నమిలితే వగరుగా ఉంటుంది. ఆ వగరే పేగును కొంచెం బిగిస్తుంది. మెక్సికో దేశంలో జామ ఆకు సారంతో మందు చేసి విరేచనాలున్న పెద్దవాళ్లకు ఇచ్చి చూశారు. కడుపునొప్పి తొందరగా తగ్గింది. ఈ సంగతి 2002లో ప్రచురించారు. నాలుగైదు లేత ఆకులు కడిగి, గ్లాసు నీళ్లలో మరిగించి, పెద్దవాళ్లు తాగవచ్చు.

దానిమ్మ తొక్క. ఇదీ వగరే. పెద్దవాళ్లకు కొంచెమే వాడాలి. వగరు ఎక్కువైతే వాంతి వస్తుంది. వేరు, చెట్టు బెరడు జోలికి పోకూడదు. వాటిలో విషం ఉంది.

వాము, అల్లం. వాములో ఘాటైన నూనె ఉంది. కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి తగ్గుతాయి. అల్లం వికారం తగ్గిస్తుంది. ఇవి హాయినిస్తాయి. జబ్బు క్రిమిని తరిమేంత బలం వీటికి లేదు.

అరటికాయ. దీన్ని మందు అని ఎవరూ అనుకోరు. తెనాలి, కొల్లిపర వైపు అరటి తోటలకు కొదవ లేదు. బంగ్లాదేశ్‌లో చాలా రోజులుగా విరేచనాలు తగ్గని పసిపిల్లలకు ఉడికించిన పచ్చి అరటికాయ మెదిపి, అన్నంతో కలిపి పెట్టారు. ఉత్త అన్నం తిన్న పిల్లల కన్నా వీళ్లకు తొందరగా తగ్గింది. ఇది 2001లో చెప్పిన సంగతి. కారణం ఏమిటి? పచ్చి అరటికాయలో పిండి అంతా పైపేగులో అరగదు. కింద పెద్దపేగు దాకా పోతుంది. అక్కడ ఉన్న మంచి క్రిములు దాన్ని తింటాయి. దానివల్ల పెద్దపేగు నీటిని, ఉప్పును మళ్లీ ఒంట్లోకి పీల్చుకుంటుంది. ఆరు నెలలు దాటి అన్నం తినే బిడ్డకు, ఓఆర్ఎస్ ఇస్తూనే, ఇది పెట్టవచ్చు.

చూశారా? వీటిలో ప్రతిదీ ఎంతో కొంత పనిచేస్తుంది. కానీ ఏ ఒక్కటీ ఒంట్లోంచి పోయిన నీళ్లను తిరిగి ఇవ్వదు. ఆకు చిల్లును కొంత మూస్తుంది. బాన నింపేది నీళ్లే.

గాజు పళ్లెం వేరు, కడుపు వేరు

"వెల్లుల్లి క్రిములను చంపుతుంది" అని అందరూ అంటారు. అబద్ధం కాదు. వెల్లుల్లిని దంచితే ఘాటైన పదార్థం పుడుతుంది. గాజు పళ్లెంలో క్రిముల మీద వేస్తే చాలా క్రిములు చస్తాయి.

ఇప్పుడు కడుపులో పుండు సంగతి చూడండి. అల్సర్ అంటారు. గుంటూరు మిరపకాయ తిని వచ్చింది అంటారు. కోపం వల్ల, ఉపవాసాల వల్ల అంటారు. డాక్టర్లు కూడా చాలా కాలం అలాగే అనుకున్నారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు పుండు ఉన్న కడుపుల్లో ఒక వంకర క్రిమిని చూశారు. ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను నీళ్లలో కలుపుకుని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు పట్టుకున్నాయి. కడుపు లోపల వాచింది. అలా నిజం బయటపడింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. ఆ క్రిమి పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. ఎక్కువ పుండ్లకు ఈ క్రిమి, లేదా అస్తమానం మింగే నొప్పి మాత్రలు కారణం. కారం మంటను పెంచుతుంది. పుండును పుట్టించదు.

మరి వెల్లుల్లి ఈ క్రిమిని చంపుతుందా? గాజు పళ్లెంలో చంపింది. అమెరికాలో ఈ క్రిమి ఉన్న మనుషులకే వెల్లుల్లి తినిపించి చూశారు. 1999లో ఫలితం చెప్పారు. కడుపులో క్రిమి చెక్కు చెదరలేదు. కడుపులో పులుపు ఉంటుంది. జిగురు పొర ఉంటుంది. క్రిమి ఆ జిగురులో దాక్కుంటుంది. వెల్లుల్లి ఘాటు అక్కడి దాకా పోయేసరికి బలం తగ్గిపోతుంది.

కాబట్టి "ఈ ఆకు క్రిమిని చంపుతుంది" అని ఎవరైనా చెబితే ఒక ప్రశ్న వెయ్యండి. "ఎక్కడ చంపింది? పళ్లెంలోనా, మనిషి కడుపులోనా?" చదువు నేర్చిన మనిషి అడగవలసిన ప్రశ్న అది.

పుండు క్రిమికి డాక్టరు రెండు రకాల యాంటీబయాటిక్‌లు, పులుపు తగ్గించే మాత్ర కలిపి ఇస్తారు. సాధారణంగా రెండు వారాలు. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. మానితే క్రిమి మొండికేస్తుంది.

ఆకు నుంచి మాత్ర దాకా

ఒక తెలుగువాడి కథ వినండి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అనే పేగు జబ్బు వాళ్లను తీసుకుపోయింది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గిపోతుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాడు. అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. మూలికల బలాన్ని కొత్త పద్ధతిలో పరీక్ష చెయ్యాలని ఆశపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్లాడు.

అక్కడ ఏం చేశాడు? 1941లో పాలకూర ఆకు నుంచి శాస్త్రజ్ఞులు ఒక పదార్థం తీశారు. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆకు అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. సుబ్బారావు నడిపించిన బృందం దాన్ని పరిశోధనశాలలో తయారు చేసింది. 1945 నుంచి స్ప్రూ రోగులకు అది ఉపయోగపడింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకే మందు!

ఆ మందు మీకూ తెలుసు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది అదే.

1948లో ఆయన పరిశోధనశాల నుంచే ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. అది మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. ఆ కుటుంబం మందు ఒకటి కలరాకు ఇప్పటికీ వాడుతున్నారు. ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయాడు.

ఈ కథలో నేర్చుకోవలసింది ఒకటి. సుబ్బారావు ఆకును వెక్కిరించలేదు. గుడ్డిగా నమ్మనూ లేదు. అందులో ఏముంది, ఎంత ఉంది, ఎవరికి పనిచేస్తుంది అని చూశాడు.

చెయ్యకూడని పనులు

ఆరు నెలల లోపు బిడ్డకు ఏ పసరూ పొయ్యకూడదు. చనుబాలు, డాక్టరు చెబితే ఓఆర్ఎస్, అంతే.

ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండే ఒక క్రిమి పసిబిడ్డకు ప్రమాదం తెస్తుంది.

పొట్ట మీద వాతలు పెట్టకూడదు. నల్లమందు, సారా చుక్కలు నాలుకకు రాయకూడదు. బిడ్డ నిద్రపోతుంది. "తగ్గింది" అనుకుంటారు. అది నిద్ర కాదు, మత్తు.

తెలియని ఆకు తెంపకూడదు. ఒక ఊళ్లో ఒక పేరు, పక్క ఊళ్లో అదే పేరు వేరే మొక్కకు ఉంటుంది.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగకూడదు. అది డాక్టరు చూసి రాయాలి.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు?

"కషాయం ఇచ్చాం గదా, పొద్దుటిదాకా చూద్దాం" అని ఇంట్లో అంటారు. కింది గుర్తుల్లో ఒక్కటి కనబడినా పొద్దుటిదాకా చూడకూడదు.

విరేచనంలో రక్తం పడడం.
బియ్యం కడిగిన నీళ్లలా ఆగకుండా పోవడం.
కళ్లు గుంటలు పడడం. ఏడిస్తే కన్నీరు రాకపోవడం.
ఆరు గంటలుగా మూత్రం పొయ్యకపోవడం.
తాగలేకపోవడం. తాగింది తాగినట్టు కక్కడం.
మగతగా పడి ఉండడం.
ఎక్కువ జ్వరం. రోజుల తరబడి విడవని జ్వరం.
నల్లగా తారులా విరేచనం కావడం. ఇది పుండు నుంచి కారిన రక్తం కావచ్చు.

108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా, తాగగలిగితే, చెంచాతో ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి. ఏ పసరు పోశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి. తిడతారని దాస్తే నష్టం మీకే.

బిడ్డ కోలుకున్నా జింకు మాత్రలు మానకూడదు. 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం మాత్ర. అది పేగును బాగుచేస్తుంది. మళ్లీ విరేచనాలు రాకుండా కొన్నాళ్లు కాపాడుతుంది.

నీళ్ల దగ్గరే జబ్బును ఆపాలి

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చింది. వందల మంది మంచం పట్టారు. ప్రాణాలు పోయాయి. అందరి వేలూ చివరకు నీళ్ల వైపే చూపించింది. ఇలాంటి జబ్బు ఒక ఇంటితో ఆగదు.

మీ అమ్మమ్మలు బురద నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసేవారు. మట్టి కిందికి దిగి నీళ్లు తేటపడేవి. మునగ గింజల పొడి కూడా అదే పని చేస్తుంది. చాలా క్రిములు మట్టితో పాటు అడుగుకు పోతాయి. అన్నీ పోవు. తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు. అందుకే తేటపడిన నీళ్లను వడకట్టి, తెర్లేదాకా కాచి తాగాలి. లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి అర గంట ఆగాలి.

బిందెకు మూత పెట్టండి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తియ్యండి. దొడ్డికి పోయి వచ్చాక, బిడ్డ ముడ్డి కడిగాక, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడగండి. పైపు పగిలితే, బోరు చుట్టూ మురుగు నిలిస్తే నలుగురూ కలిసి పంచాయతీకి అర్జీ రాయండి. ఇప్పుడు రాయడం వచ్చు గదా!

చదివి తెచ్చుకోండి

చివరగా ఒక మాట. షాపులో రంగురంగుల అట్ట డబ్బాల్లో తియ్యటి నీళ్లు అమ్ముతారు. వాటిలో కొన్నిటి మీద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో ఉండేది. లోపల మాత్రం పంచదార ఎక్కువ. అవి తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. అలాంటి తీపి నీళ్ల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదు అంది.

ఒక డాక్టరమ్మ అట్ట మీద అక్షరాలు చదివింది. తప్పు పట్టుకుంది. అక్షరానికి అంత బలం ఉంది.

మీరూ చదవండి. ప్యాకెట్ మీద మూడు సంగతులు వెతకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేసింది అని ఉందా? ఎన్ని నీళ్లలో కలపాలి? గడువు తేదీ ఏమిటి? కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు. మొత్తం చదవండి. పక్కింటి వదినకు చదివి వినిపించండి.

పెరట్లో జామ చెట్టు ఉండనివ్వండి. వంటింట్లో వాము ఉండనివ్వండి. వాటి పక్కనే గూట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఉంచండి. జబ్బు వస్తే ముందు నీళ్లు కలపండి. కషాయం సంగతి తర్వాత చూసుకోవచ్చు.